'ఆలస్యం' పలికింది

నాకు అన్నిటికంటే భయం, పిలిస్తే పలక్కపోవడం.

చీకటి, పాములు, డాక్టరు సూది, ఇవన్నీ దాని తరవాతే. ఎనిమిదో క్లాసులో ఉండగా ఒక పొద్దున జడ వెయ్యమని అమ్మను పిలిచాను. పలకలేదు. ఇక ఎప్పటికీ పలకలేదు. నా చదువు ఆ జడ దగ్గరే ఆగిపోయింది. అప్పటినుంచి ఎవరిని పిలిచినా, వాళ్ళు 'ఆ' అనేదాకా నా ఊపిరి నా దగ్గర ఉండదు. మా పాప స్నానం చేస్తున్నా, మంచం కింద దూరి బొమ్మ వెతుక్కుంటున్నా ఉండుండి పిలుస్తాను. అది విసుక్కుంటూ "ఉన్నానమ్మా" అంటుంది. ఆ విసుగు చెవిన పడితే చాలు, నాకు కడుపు నిండుతుంది.

అలాంటిదానికి దొరక్క దొరక్క దొరికిన అత్తయ్య, పిలిస్తే పలకని మనిషి.

మా ఇంటి ముందుగదే మా దుకాణం. టార్పాలిన్లు, కారు సీట్ల కవర్లు, గుడారాలు కుడతాం. గాలికాలం వచ్చిందంటే తెరచాపలు. మా వీధి చివర నది, నది ఒడ్డున పడవల క్లబ్బు. చిరిగిన తెరచాప ఏదైనా మా గుమ్మం ఎక్కాల్సిందే. మా ఆయనదొక మిషను, నాదొకటి. నాది ఒకప్పుడు అత్తయ్యది. రెండూ ఒకేసారి నడిచాయంటే వంటింట్లో గిన్నెలు కూడా మాట్లాడతాయి. అందుకని అప్పట్లో మా ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడేవారు కాదు, అరిచేవారు. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు వీళ్ళు పొద్దస్తమానం పోట్లాడుకుంటున్నారనుకుని బిక్కచచ్చిపోయాను. ఉప్పు అందించమని అడుగుతున్నారని తరవాత తెలిసింది.

ఆ అరుపుల మధ్య అత్తయ్య ఒక్కరే గొంతెత్తని మనిషి. పిలిస్తే తిరిగి చూడరు. చూసినా మనం అడిగినదానికి కాక వేరేదానికి జవాబు చెబుతారు. "అమ్మ తీరే అంత. పొగరు కాదులే" అనేవారు మా ఆయన. పొగరేనని చుట్టాలంతా అనేవారు.

మావయ్య పడవల వడ్రంగి. పెరట్లో సొంతానికని ఒక చిన్న తెరచాప పడవ మొదలుపెట్టి, అందరి పడవలూ బాగుచేస్తూ తనదాన్ని ఏళ్ళ తరబడి సాగదీశారు. మా పాప పుట్టినప్పుడు మొదటి చెక్క బిగిస్తే, దాని పాలపళ్ళు ఊడేటప్పటికి చివరి చెక్క పడింది. దానికి ఆయనే పేరు పెట్టారు, 'ఆలస్యం' అని. ఒక్క గాలికాలం అత్తయ్యని ఎక్కించుకుని తిరిగారు. ఆ తరవాత ఆయన పోయారు. పడవ పెరట్లో బోర్లా పడుకుంది. దాని కింద పిల్లి కాపరం పెట్టింది.

మరుసటి గాలికాలం మొదట్లో, ఒక పొద్దున లేచేసరికి అత్తయ్య ఆ పిల్లిని సంసారంతో సహా సామాన్ల గదిలోకి మార్చేసి, పడవని వెల్లకిలా తిప్పి, దాని అడుగు తడుముతున్నారు.

"ఏంటత్తయ్యా ఇది?" అన్నాను.

"చిన్న పగులే. పూడిస్తే సరిపోతుంది."

"అది కాదు, ఎందుకు తిప్పారూ అని."

"రంగు తరవాత వేద్దాంలే."

లోపలికి వచ్చి మా ఆయనతో చెప్పాను, మీ అమ్మ మళ్ళీ నన్ను లెక్కచెయ్యలేదని. ఆయన మిషను ఆపకుండానే, "నన్ను చిన్నప్పటినుంచీ లెక్కచెయ్యలేదు. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు, వరసలో నిలబడు" అన్నారు.

అసలు సంగతి భోజనాల దగ్గర బయటపడింది. ఈసారి ఆదివారం పందేలకి వెళ్తానన్నారు అత్తయ్య. తాడు పట్టుకోవడానికి గిలక తోడు వస్తుందన్నారు.

గిలకంటే మా పాపే. పడవలో తాడు నడవడానికి చిన్న చక్రం ఉంటుంది. దాన్ని గిలక అంటారు. నూనె వెయ్యకపోతే అది కిర్రుమంటూనే ఉంటుంది. మాటలు వచ్చింది మొదలు నోరు ముయ్యలేదని మావయ్య మనవరాలికి ఆ పేరు తగిలించారు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "వద్దత్తయ్యా. మీరు వెళ్ళండి కావాలంటే. పాప చిన్నపిల్ల."

"ఆ, నాకు చాలు. వాడికి వెయ్యి" అన్నారు అత్తయ్య, కంచం పక్కకి జరుపుతూ.

మా ఆయన నవ్వాపుకోలేక నీళ్ళు తాగారు. గిలక మాత్రం నవ్వలేదు. "నాకు ఈత వచ్చమ్మా. జాకెట్ వేసుకుంటా. నానమ్మ ఉంటుంది. ఇంకేం కావాలి నీకు?"

"నువ్వు నాకు కనపడాలి."

"కనపడతా."

"పిలిస్తే పలకాలి."

"పలుకుతా. నీ గొంతు పోతుందేమో చూసుకో."

"పంపించవే" అన్నారు మా ఆయన. "నదిలో మునిగినవాళ్ళ సంగతేమో గానీ, ఈ ఇంట్లో నీ భయంలో మునిగినవాళ్ళం ఇద్దరం ఉన్నాం."

ఆ మాటకి నాకు కోపం రావాల్సింది. కానీ మావయ్య పోయాక అత్తయ్య మొహంలో దేనికోసమైనా ఆశపడడం అదే మొదటిసారి చూశాను. సరే అన్నాను. ఆ రాత్రే పాప జాకెట్‌కి ఉన్న కుట్టుమీద ఇంకో కుట్టు వేశాను.

* * *

క్లబ్బంటే పెద్ద హంగేం లేదు. రేకుల షెడ్డు, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన చెక్క రేవు, పది మందిని నిలబెడితే కిర్రుమనే మెట్లు. నీళ్ళమీద అక్కడక్కడా నారింజ రంగు పీపాలు కట్టి ఉంటాయి. ఈల వెయ్యగానే పడవలన్నీ బయల్దేరి ఆ పీపాలను చుట్టి రావాలి. ఒక పీపా రేవుకి దగ్గరలోనే. ఇంకొకటి అవతల, నది మలుపు తిరిగే చోట. ఆ మలుపు దాటిన పడవ కాసేపు మనకి కనపడదు. అలా రెండు చుట్లు.

బహుమతులు లేవు. మొదట వచ్చినవాళ్ళు అందరికీ టీ పోయాలి, చివర వచ్చినవాళ్ళు మొదటి కప్పు తాగాలి. అదే వాళ్ళ పందెం. ఆ టీ కాచే పని నేను అడిగి తీసుకున్నాను. చేతులు ఖాళీగా ఉంటే నా బుర్ర ఊరుకోదు.

ఆ క్లబ్బులో ఇంకో ఆచారం ఉంది. పడవలు చేరాక కార్యదర్శి రేవు మీద నిలబడి ఒక్కొక్క పడవనీ పేరుపెట్టి పిలవాలి. ఆ పడవవాళ్ళు 'ఉన్నాం' అని పలకాలి. అందరూ పలికాకే టీ డబ్బా మూత తియ్యడం. ఎప్పుడో ఒక పొగమంచు రోజున ఒక పడవ తిరిగి రాలేదన్న సంగతి టీ తాగడం అయ్యాక గానీ ఎవరికీ తట్టలేదట. అవతలి గట్టున దొరికారు, క్షేమంగానే ఉన్నారు, కానీ అప్పటినుంచి ఈ పిలుపు మానలేదు. నాకు ఆ క్లబ్బులో అన్నిటికంటే నచ్చింది అదే. నాలాంటి పిరికివాళ్ళెవరో పెట్టి ఉంటారు.

కార్యదర్శి కంటి డాక్టరమ్మ. మెళ్ళో ఈల, నుదుటిమీదకి ఎగదోసిన కళ్ళద్దాలు. "ఆలస్యం?" అని ఆవిడ పిలవగానే నీళ్ళమీదనుంచి మా పాప కీచుగొంతు "ఉన్నాం" అనేది. అత్తయ్య తలొంచుకుని తెరచాప మడత పెట్టుకుంటూ ఉండేవారు. నానమ్మ ముద్దుకొద్దీ మనవరాలి చేత పలికిస్తోందని అందరూ మురిసిపోయేవారు.

పడవ పేరుమీద జోకులకి లెక్కలేదు. డ్రైవింగ్ స్కూలు నడిపే ఒకాయన ఉండేవారు. నీళ్ళమీద కూడా తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తూనే ఉంటారని ఆయన్ని అందరూ హారన్ అనేవారు. "డాక్టరమ్మా, ఇవాళ నాకంటే ఆలస్యం ముందొచ్చింది. ఇది రాయాలా వద్దా?" అనేవారు. ఇంకోరోజు, "మా ఆవిడ ఆలస్యమెందుకైందని అడిగితే, అది నా వెనకాలే ఉందని చెప్పా" అన్నారు.

ఆయన అరుపులకి ఒక కారణం ఉంది. రెండు పడవలు ఎదురైతే, గాలి కుడివైపునుంచి తగులుతున్న పడవది ముందు హక్కు. ఆ పడవవాళ్ళు "కుడి" అని అరిస్తే రెండోవాళ్ళు తప్పుకోవాలి. తప్పుకోకపోతే గుద్దుకుంటాయి. ఈ ఒక్క మాట తెలిస్తే నదిమీద బతకొచ్చని చెప్పేవారాయన.

పడవ రేవు దగ్గరి పీపాని చుట్టినప్పుడల్లా నేను రేవు చివరికి పరిగెత్తి "గిలకా" అని పిలిచేదాన్ని. "ఉన్నానమ్మా" అని చెయ్యెత్తేది.

"మా స్కూలు కార్లకి కూడా ఇన్నిసార్లు హారన్ కొట్టం చెల్లెమ్మా" అన్నారు ఒకసారి ఆయన, పక్కనుంచి పోతూ.

"ఆ మాట మీరంటున్నారా అన్నయ్యా" అన్నాను. చుట్టుపక్కల పడవలన్నీ నవ్వాయి. నదివైపు చూస్తూ నేను నవ్వడం అదే మొదలు.

అత్తయ్యని కూడా పిలిచేదాన్ని. పలికేవారు కాదు. గాలికి వినపడదులే అనుకునేదాన్ని. ఒకటి మాత్రం కనపడేది. గిలక ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి ఎప్పుడూ నానమ్మ మోకాలిమీదే ఉంచేది. మావయ్య కూడా అలాగే కూర్చునేవారు. ముసలితనంలో వీళ్ళ సరసమేంటని అప్పట్లో క్లబ్బంతా నవ్వుకునేవాళ్ళు.

వారాలు గడిచాయి. ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ నిలువునా తడిసి ఇంటికొచ్చేవారు. అత్తయ్య తువ్వాలుతో పాప తల తుడుస్తూ, వంగి దాని మొహంలోకి చూస్తూ కబుర్లు చెప్పించుకునేవారు. అది చేతులు తిప్పుతూ పడవనంతా గదిలోకి తెచ్చేది. అత్తయ్య నవ్వు నాకు వంటింట్లోకి వినపడేది. ఆ నవ్వు కోసమే నేను ఆదివారాల్ని ఓర్చుకున్నాను.

* * *

ఆ ఆదివారం పొద్దున పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఉందో, నా చెయ్యే చల్లగా ఉందో. ఆకాశం కూడా నాకు నచ్చలేదు. "ఇవాళ గిలక రాదు" అని చెప్పేశాను.

అత్తయ్య నా మొహం కాసేపు చూసి, తల ఊపి, ఒక్కరే బయల్దేరారు.

"నేను లేకుండా నానమ్మ వెళ్ళకూడదు" అంది గిలక.

"ఎందుకని?"

అది నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. గిలక నోరు మూసుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయినా నాకు తట్టలేదు. స్వెట్టర్ తొడిగి నాతోపాటు రేవుకి తీసుకెళ్ళాను. టీ బల్ల పక్కన కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. చెక్కల చివర నిలబడింది.

డాక్టరమ్మ ఈల వేసింది. పడవలన్నీ కదిలాయి. 'ఆలస్యం' వాటిని చూసి కదిలింది, ఒక్క క్షణం వెనకగా. మొదటి పీపా దగ్గర హారన్ గారి పడవ అడ్డం వచ్చింది. "కుడి" అని అరిచారాయన. మళ్ళీ అరిచారు. మూడోసారి ఆయన గొంతు చీరుకుపోయింది. అత్తయ్య చక్కగా ముందుకే చూస్తూ వెళ్ళిపోతున్నారు. చివరికి ఆయనే చుక్కాని తిప్పేసి, తెరచాప నీళ్ళకి తగిలి, తడిసి ముద్దయి తప్పుకున్నారు.

"చూడండి పెద్దరికం" అన్నారెవరో నా పక్కన.

 గిలక చెయ్యి స్వెట్టర్ అంచుని మెలిపెడుతోంది.

పడవలు మలుపు దాటేసరికి ఆకాశం వంగి నదిమీదకి వచ్చేసింది. గాలి ఒక్కసారిగా తిరిగింది. రేకుల షెడ్డు దడదడలాడింది. డాక్టరమ్మ వెనక్కి రమ్మని ఊపిరంతా పెట్టి ఈల వేసింది. ఒక్కొక్క పడవే చుట్టు మధ్యలో వదిలేసి అడ్డదారిన తిరిగి వచ్చేసింది. మనుషులు మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి పడవల్ని పట్టుకుంటున్నారు. చినుకులు మొదలయ్యాయి.

డాక్టరమ్మ పిలుపు మొదలుపెట్టింది. ఒక్కొక్కరే ఉన్నాం, ఉన్నాం అంటున్నారు.

"ఆలస్యం?"

వాన చప్పుడు.

"ఆలస్యం?"

ఎవరూ జోకు వెయ్యలేదు. హారన్ గారు మోటారు పడవలోకి దూకి దాని తాడు లాగడం మొదలుపెట్టారు. అది దగ్గి ఊరుకుంది. మళ్ళీ లాగారు.  నేను రేవు చివరికి వెళ్ళి "అత్తయ్యా" అని పిలిచాను. అలా పిలుస్తూనే ఉన్నాను. నా గొంతు నాకే ఎనిమిదో క్లాసు పిల్ల గొంతులా వినిపించింది.

అప్పుడు మలుపు దగ్గర తెరచాప కనపడింది. పడవ నిటారుగా, నిమ్మళంగా వస్తోంది. అందరం ఒకేసారి అరిచాం, ఇటు రమ్మని, తెరచాప దించమని. పడవ ఇటు తిరగలేదు. రెండో చుట్టు కోసం నేరుగా నది నడుమకి, నల్లటి వానలోకి మొహం పెట్టింది.

నా వెనక కప్పులు పగిలిన చప్పుడైంది. గిలక టీ బల్లమీద ఎర్ర దుప్పటిని కప్పులతో సహా లాగేసి, దాన్ని ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. రేవు చివరి గుంజ ఎక్కి, రెండు చేతులతో దాన్ని తలపైకెత్తి ఊపుతోంది.

"దిగవే, పడతావు. ఆగు, పిలుస్తున్నాం కదా."

"అరవకమ్మా" అంది అది, నావైపు చూడకుండానే. "నానమ్మకి కనపడాలి."

నేను దాని నడుం పట్టుకున్నాను. వానకి బరువెక్కిన దుప్పటి మా ఇద్దరి తలలమీద కొట్టుకుంటోంది. నదిమీద అత్తయ్య తల ఇటు తిరిగింది. ఒక్క క్షణం. తరవాత తెరచాప అటునుంచి ఇటు మళ్ళింది. 'ఆలస్యం' ఇంటిదారి పట్టింది.

"ఎప్పట్నించి?" అని అడిగాను. దాని చెవిలోనే అడిగాను.

"తాతయ్య ఉన్నప్పట్నించే. తాతయ్యే నాకు నేర్పాడు. ఎవరైనా 'కుడి' అంటే కుడి మోకాలిమీద తట్టాలి. ఈల వేస్తే రెండిటిమీదా తట్టాలి. ఎవరైనా పిలిస్తే..." అంటూ అది నా చెయ్యి తీసుకుని, వెనకవైపు వేలితో మెల్లగా తట్టింది.

పడవ రేవుకి చేరింది. అత్తయ్య మమ్మల్నందరినీ చూసి కంగారుపడ్డారు. "ఏమైంది? ఎవరికేమైంది?" అన్నారు.

"ఎవరికీ ఏం కాలేదు. చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా అక్కయ్యా" అన్నారు హారన్ గారు. ఆయన మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అత్తయ్య ఆయన పెదాలకేసి చూశారు. తరవాత గిలకకేసి. తరవాత తలొంచుకుని తెరచాప మడత పెట్టడం మొదలుపెట్టారు. ఆ మడత పెట్టడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. పనిలో ఉన్నవాళ్ళు పలక్కపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

డాక్టరమ్మ ఆచారం తప్పే మనిషి కాదు. అత్తయ్య వెనకాల నిలబడి, "పిలుపు పూర్తి కాలేదు. ఆలస్యం?" అంది.

గిలక పలకబోయింది. నేను దాని భుజంమీద చెయ్యి వేసి, మెట్లు దిగాను. ఆ నదిలో అడుగుపెట్టడం నాకు అదే మొదటిసారి. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. పడవ అంచు పట్టుకుని, అత్తయ్య చేతి వెనక వేలితో తట్టాను.

ఆవిడ ఆగిపోయారు. ముందు నా వేలిని చూశారు.  తరవాత తలెత్తి, నా భుజంమీదుగా వానలోకి, "ఉన్నాం" అన్నారు.

డాక్టరమ్మ టీ డబ్బా మూత తీసింది. తాగడానికి కప్పులే లేవు. డబ్బా మూతలోనే తలా ఒక గుక్క తాగాం. మొదటి గుక్క అత్తయ్యది.

* * *

ఇంటికి వెళ్ళాక మిషన్లు రెండూ ఆపించాను. అత్తయ్య ఎదురుగా, దీపం నా మొహంమీద పడేలా కూర్చున్నాను. అరవలేదు.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

ఆవిడ నా పెదాలు చదువుకున్నారు. "చెబితే పడవ ఎక్కనివ్వరు. నువ్వు పిల్లని ఎక్కనివ్వవు" అన్నారు. "పొగరంటే పోనీలే అని ఊరుకుంటారమ్మాయ్. చెవుడంటే జాలిపడతారు. నాకు పొగరే నయమనిపించింది" అన్నారు.

మా ఆయన తన మిషనుకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఆ ముందుగదిలో, ఆ మోతలో తన వయసంతా కూర్చున్నారు. వాళ్ళ పెళ్ళప్పటినుంచీ ఒక పక్క మిషను, ఇంకో పక్క పెరట్లో మావయ్య రంపం. "ఉప్పు అడిగితే నువ్వు నీళ్ళిచ్చేదానివి. నేను పోట్లాడేవాణ్ణి" అన్నారాయన మెల్లగా.

"ఏంటి?" అన్నారు అత్తయ్య.

ఆయన లేచి, వచ్చి, ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుని మళ్ళీ చెప్పారు. అత్తయ్య నవ్వారు. "ఉప్పు తగ్గించమని మీ నాన్న చెప్పేవారు, అందుకే ఇవ్వలేదు" అన్నారు. అది నిజమో, అప్పటికప్పుడు అల్లారో నాకు ఇప్పటికీ తెలియదు.

గిలకని మళ్ళీ ఆ పడవ ఎక్కనివ్వాలా వద్దా అన్నది మాత్రం నా నెత్తిమీదే పడింది. ఆ వారమంతా అది నన్ను ఏమీ అడగలేదు. అత్తయ్య అడగలేదు. పడవ మళ్ళీ బోర్లా తిప్పడానికి ఆవిడ పెరట్లోకి వెళ్తే, ఎదురుగా వెళ్ళి వద్దని తల ఊపాను. మరునాడు ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చెప్పింది అత్తయ్యే.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను కంటి డాక్టర్ని. మీరూ ఆయనా మోకాళ్ళు తట్టుకుంటుంటే గాలికాలమంతా చూస్తూ, సరసమనుకున్నా" అంది.

"అదీ ఉండేది" అన్నారు అత్తయ్య.

ఆ తరవాత మా ముందుగదిలో ఒక పెద్ద ఎర్రజెండా కుట్టాం. అంచులు నేను కుట్టాను, నడుమ కుట్లు అత్తయ్యవి. డాక్టరమ్మ ఇప్పుడు ఈలా వేస్తుంది, జెండా కూడా ఎత్తుతుంది. పడవలన్నీ "కుడి" అని అరుస్తూనే కుడిచెయ్యి కూడా ఎత్తుతాయి. హారన్ గారు రెండు చేతులూ ఎత్తేస్తారు, చుక్కాని ఎవరు పడతారని అందరూ తిడతారు. అత్తయ్య పడవలో చెవులు బాగున్న తోడు ఒకరు తప్పకుండా ఉండాలన్నది షరతు.

ఆ గాలికాలం చివరి ఆదివారం ఆ తోడు నేనే. ఎందుకు ఎక్కానంటే, పాపని పంపే ముందు ఆ మలుపు అవతల ఏముందో నా కళ్ళతో చూడాలనుకున్నాను. ఏమీ లేదు. రెల్లు, నాలుగు కొంగలు, చప్పుడు లేని నీళ్ళు. అత్తయ్య నాకేసి చూసి తల వంచారు. నేనూ వంచాను. తెరచాప కొయ్య మా ఇద్దరి తలలమీదుగా అటునుంచి ఇటు దాటింది. భయం పోయిందా అంటే పోలేదు. నా చెయ్యి ఆవిడ మోకాలిని పట్టుకునే ఉంది. ఎవరూ 'కుడి' అనలేదని తెలిసి కూడా, ఆవిడ దాన్ని అక్కడే ఉండనిచ్చారు.

చివరే వచ్చాం. "ఆలస్యం?" అంటే నేను ఆవిడ చేతిమీద తట్టాను. ఇద్దరం ఒకేసారి "ఉన్నాం" అన్నాం.

రేవు మెట్లమీద గిలక మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పీపా దగ్గర ఎన్నిసార్లు పిలిచాను? పిలిస్తే పలకవేం?" అంది.

"తెరచాప మోతకి వినపడలేదే."

"అయితే చెయ్యైనా ఎత్తాలి కదా. నేనెంత..." అని ఆగిపోయింది. నా తడిచీర కొంగు పట్టుకుని, ఇంటికి చేరేదాకా వదల్లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ వంటింట్లోంచి కేక వెయ్యరు. గదిలోకి వెళ్ళి, దీపం ఒకసారి ఆర్పి వెలిగించి, మొహం చూసి మాట్లాడతారు. అత్తయ్య కుర్చీ గుమ్మంకేసి తిప్పాం. చెవికి మిషను కూడా వచ్చింది. ఒక మిషను పట్టుకుపోయింది, ఇంకోటి కాస్త తెచ్చింది అంటారు ఆవిడ. నీళ్ళమీదకి అది పనికిరాదు కాబట్టి అక్కడ ఇంకా మోకాలే దిక్కు. వినబుద్ధి కానప్పుడు ఇంట్లో కూడా తీసేస్తారు. ఆ కాస్త పొగరు నిజంగానే ఉంది.

ఇదంతా చదివాక మీరొక పని చేసిపెట్టాలి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పిలిస్తే పలకదని పేరు పడ్డ మనిషి ఒకరుంటారు. ఇప్పుడే లేచి ఒకసారి వెళ్ళి చూసి రండి. వెనకనుంచి పిలవకండి. ఎదురుగా వెళ్ళి, మొహంమీద వెలుతురు పడేలా కూర్చుని, ఆ చేతి వెనక మెల్లగా తట్టండి. కాస్త ఆలస్యమైనా పలుకుతారు.